ఆకుపచ్చ, నెత్తురెఱుపు

గోంగూర వండిన ప్రతి ఇల్లాలును ఈ వింతను చూచియే యుండును. కడిగి మూకుడులో వేసినప్పుడు ఆకు పచ్చగా నిగనిగలాడుచుండును. మూతపెట్టి కొంతసేపు మ్రగ్గనిచ్చి తీసి చూచుసరికి ఆ కళ పోయి, పాచివన్నెకును గోధుమవన్నెకును నడుమనుండు మసకరంగు మిగులును. తోటకూర వేపుడులో రంగు ఇంతగా చెడదు. ఆ తోటకూరనే చింతపండు పులుసులో ఉడికించినచో చెడును. పులుపు తగిలిన ఆకు రంగు విరుగునని వంటింటిలో అందఱకును తెలిసిన సంగతియే. అయితే ఆ పులుపు ఆకులోపల చేసిన పని యేమి?

ఆకులోని పచ్చని పదార్థమునకు పత్రహరితమని పేరు. దాని అణువు నడుమ మగ్నీషియము అను లోహపు పరమాణువు ఒకటి కొలువుదీరి యున్నది. వేడికి ఆకు కణములు చెడి, గోంగూరలో స్వతస్సిద్ధముగనున్న ఆమ్లము పత్రహరితమును చేరి, ఆ మగ్నీషియమును దాని పీఠమునుండి తొలగించును. ఆ చోటికి రెండు ఉదజని పరమాణువులు వచ్చి చేరును. జరిగినది అంతే. ఒక్క పరమాణువు స్థానభ్రష్టమైనంతనే పచ్చదనము పోయినది.

ఇప్పుడు ఆ ఇల్లాలి వ్రేలికి కత్తిపీట తగిలి ఒక నెత్తుటిబొట్టు రాలినదనుకొందము. ఆ యెఱుపునకు కారణమైన అణువును పరీక్షించినచో అందును దాదాపు ఆ పీఠమే కనుపించును. కాని దానిపై మగ్నీషియమునకు బదులు ఇనుము కూర్చుండి యున్నది. ఆకుపచ్చయు నెత్తురెఱుపును ఒక కుటుంబమునందలి తోబుట్టువులు. ఆ కుటుంబమునకు రసాయనజ్ఞులు పోర్ఫిరిన్‌లు అని పేరిడిరి. గ్రీకు భాషలో ఊదావన్నెకు గల పేరునుండి ఈ మాట పుట్టినది. ఈ బంధుత్వము ఎట్టిదో, అది ఎంతవఱకు నిలుచునో, దానిని అపార్థము చేసికొన్నచో కలుగు నష్టమేమో కొంత విచారింతము.

పీఠపు కట్టడమును మాటలలో చెప్పుట కష్టము కాదు. నాలుగు కర్బన పరమాణువులును ఒక నత్రజని పరమాణువును కలిసి అయిదు మూలల చిన్న వలయమగును. దానికి పిరోల్ అని పేరు. ఇట్టి చిన్న వలయములు నాలుగు, ఒక్కొక్క కర్బన పరమాణువును వంతెనగా చేసికొని, చేయిచేయి పట్టుకొన్న నలుగురు బాలికలవలె ఒక పెద్ద వలయముగా నిలుచును. నాలుగు నత్రజనులును లోపలికి మొగముపెట్టి యుండును. వాని నడుమ మిగిలిన చోటు ఒక లోహపు పరమాణువు ఇముడుటకు సరిపోవును. ఆ పెద్ద వలయములో ఒంటి బంధములును జంట బంధములును ఒకటి విడిచి ఒకటిగా వచ్చుటచేత, కొన్ని ఎలక్ట్రానులు ఏ యొక్క పరమాణువునకును కట్టుబడక వలయమంతటను తిరుగాడుచుండును. కంటికి కనుపించు వెలుగును పీల్చుకొను శక్తి వీనిదే. పత్రహరితము నీలమును ఎఱుపును మ్రింగి పచ్చను విడిచిపెట్టును. రక్తములోని వర్ణకమునకు హీమ్ అని పేరు. అది ఊదాను, పచ్చను, పసుపును మ్రింగి ఎఱుపును విడిచిపెట్టును. విడిచిపెట్టబడిన వెలుగే మన కంటబడు రంగు.

ప్రకృతిలోని రంగులన్నియు ఈ కుటుంబమునకు చెందినవి కావు. టమాటో ఎఱుపును, బొప్పాయి పసుపును కెరోటిన్ జాతివి; అవి పొడవైన గొలుసుల వంటి అణువులు. నేరేడుపండు ఊదా వేఱొక జాతి. జీవులకు రంగులు అనేకముగ కలవు. కాని ఊపిరికిని ఆహారమునకును ఆధారమైన రంగులు ఈ నాలుగు పిరోల్‌ల వలయమునందే యున్నవి.

ఈ సంగతి తేలుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. పెల్లెటియే, కావెంటూ అను ఇద్దఱు ఫ్రెంచి ఔషధశాస్త్రజ్ఞులు 1818లో ఆకుపచ్చని పదార్థమునకు క్లోరోఫిల్ అని పేరుపెట్టిరి. 1853లో టైక్‌మన్ అను పండితుడు ఎండిన రక్తమునకు ఉప్పును, గాఢమైన ఎసిటిక్ ఆమ్లమును చేర్చి వేడిచేసి, సూక్ష్మదర్శినిలో గోధుమరంగు స్ఫటికములను చూచెను. అవి హీమ్ నుండి పుట్టిన హీమిన్ స్ఫటికములు. గుడ్డమీది మరక నెత్తురా, కాదా యని నేరవిచారణలో తేల్చుటకు ఈ పరీక్ష చిరకాలము ఉపయోగపడినది. 1864లో హోప్పె-సైలర్ అను జర్మను పండితుడు రక్తములోని ఎఱ్ఱని మాంసకృత్తునకు హీమోగ్లోబిన్ అని పేరిడెను.

పిమ్మట విల్‌స్టేటర్ అను జర్మను రసాయనజ్ఞుడు ఆకుల సంగతి చేపట్టెను. 200కు పైగా మొక్కల ఆకులను పరీక్షించి, వాని యన్నింటను ఉన్నది ఒకే పత్రహరితమని, అది రెండు రకముల కలయిక యని చూపెను. అంతకుముందు ఆకు బూడిదలో కనుపించు మగ్నీషియమును కల్తీగా భావించెడివారు. అది కల్తీ కాదనియు, ఇనుము హీమ్‌లో ఎట్లో మగ్నీషియము పత్రహరితములో అట్లే అంతర్భాగమనియు ఆయన నిరూపించెను. 1915లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. యూదులపై పెరుగుచున్న ద్వేషమునకు నిరసనగా ఆయన 1924లో మ్యూనిక్ ఆచార్య పదవిని విడిచి, 1939లో దేశమును కూడ విడిచి స్విట్జర్లండు చేరవలసి వచ్చెను.

నాలుగు పిరోల్‌లు కలిసి ఒక పెద్ద వలయమగునని 1912లో క్యూస్టర్ అను ఆయన సూచించినప్పుడు చాలమంది నమ్మలేదు. నమ్మనివారిలో హన్స్ ఫిషర్ ఒకడు. ఆ ఫిషరే తరువాతి సంవత్సరములలో అణువును ముక్కలుచేసి, ముక్కలను మరల కూర్చి, క్యూస్టర్ మాటయే నిజమని తేల్చెను. 1929లో హీమిన్‌ను ప్రయోగశాలలో నిర్మించి, 1930లో నోబెల్ బహుమానమును పొందెను. తాను కాదన్న మాటను తన చేతులతోనే నిజమని చూపుట శాస్త్రజ్ఞునకు తక్కువ గౌరవము కాదు. పత్రహరితమును నిర్మించుట మఱింత కష్టమైనది. 1960లో హార్వర్డులో వుడ్‌వర్డ్ తన సహచరులతో కలిసి దానిని సాధించెను.

పీఠము ఒకటే అయినప్పుడు లోహము మారినంత మాత్రమున పని ఎందుకు మారవలెను? మగ్నీషియము నిలుకడగల లోహము. అది ఎలక్ట్రానులను ఇచ్చి పుచ్చుకొనుటలో చేయి దూర్చదు. అందుచేత వలయము పీల్చిన వెలుగు శక్తి లోహము మూలమున చల్లారిపోక, ప్రక్క అణువునకు అందించుటకు చాలినంతసేపు నిలుచును. ఆ శక్తితోనే మొక్క నీటినుండియు, బొగ్గుపులుసు వాయువునుండియు పిండిపదార్థమును వండుకొనుచున్నది. ఇనుము స్వభావము వేఱు. దానికి ఆరు చేతులున్నవనుకొందము. నాలుగు నత్రజనులను పట్టుకొనును. అయిదవది హీమోగ్లోబిన్‌లోని మాంసకృత్తును పట్టుకొనును. ఆరవది ప్రాణవాయువు కొఱకు ఖాళీగా నుండును. ఊపిరితిత్తులలో దానిని పట్టుకొని, అవసరమైన చోట విడిచిపెట్టును. హీమ్ ఒంటరిగా నీటిలో నున్నచో ప్రాణవాయువు తగిలి త్రుప్పుపట్టి పనికిరాకుండ పోవును. మాంసకృత్తు దానిని మడతలలో పొదువుకొని యుండుటచేతనే పట్టి విడుచుట సాధ్యమగుచున్నది. రక్తములోని ద్రవభాగము ఒక్కటే యైనచో లీటరునకు 3 మిల్లీలీటర్ల ప్రాణవాయువు మాత్రమే కరగును. హీమోగ్లోబిన్ ఉండుటచేత లీటరు రక్తము దాదాపు 200 మిల్లీలీటర్లను మోయుచున్నది.

ఆ ఆరవ చేతికి శత్రువొకటి కలదు. బొగ్గులు, కట్టెలు సరిగా మండనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా హీమ్‌ను పట్టుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలపు రాత్రి తలుపులు, కిటికీలు బిగించి, గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని పడుకొన్నవారు నిద్రలోనే కన్నుమూయుటకు కారణమిదియే. బాలింత గదిలో కుంపటి పెట్టు ఆచారమున్నచోట ఈ మాట మఱువరాదు. నిప్పున్న గదికి గాలి వచ్చు దారియు పోవు దారియు ఉండవలెను.

ఈ కుటుంబము మన రక్తమునకును ఆకునకును మాత్రమే పరిమితము కాదు. వేరుశనగ మొక్కను పెఱికి వేళ్లను చూడుడు. చిన్న చిన్న బుడిపెలు కనుపించును. పని చేయుచున్న బుడిపెను గోటితో చీల్చినచో లోపల లేత ఎఱుపు కనుపించును. అది హీమ్ రంగే. 1939లో కూబో అను జపాను శాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించెను. బుడిపెలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరునకు ఎరువుగా మార్చునపుడు, వాని చుట్టును ప్రాణవాయువు మితిమీఱకుండ కాపాడుట దీని పని. లోపల ఎఱుపు లేక పాలిపోయియున్న బుడిపె పని చేయుటలేదని రైతు గ్రహింపవచ్చును. జీలుగ, జనుము, కంది వేళ్లలోను ఈ వింతయే కలదు. కోడిగ్రుడ్డు పెంకుపై గోధుమవన్నెకు కారణము లోహము లేని పోర్ఫిరిన్. ఆఫ్రికాలోని టురాకో అను పక్షి ఈకల ఎఱుపులో రాగి చేరిన పోర్ఫిరిన్ ఉన్నది. బి-12 విటమినులో కోబాల్టు లోహమును పట్టుకొన్న వలయమును వీని దాయాదియే. ఊపిరి పీల్చు మన ప్రతి కణములోను, ఆహారమును మెల్లగా దహించి శక్తిని తీయు సైటోక్రోములు అను పదార్థములు కలవు. వానియందు పనిచేయునదియు హీమే.

ఇంత ముఖ్యమైన అణువును శరీరము ఎక్కడినుండి తెచ్చుకొనుచున్నది? దీనికి సమాధానము చెప్పినది ఒక సాహసకార్యము. న్యూయార్కు నగరములో డేవిడ్ షెమిన్ అను జీవరసాయనజ్ఞుడు, మామూలు నత్రజని కంటె కొంచెము బరువైన నత్రజనిని చేర్చిన గ్లైసిన్ అను సామాన్యమైన ఎమినో ఆమ్లమును 66 గ్రాములు తయారుచేసి, మూడు దినములలో తానే తినెను. తరువాత నెలల తరబడి తన రక్తమును తీసి పరీక్షించుకొనుచుండెను. ఆ బరువైన నత్రజని హీమ్‌లో కనుపించెను. హీమ్‌కు కావలసిన నత్రజని గ్లైసిన్‌నుండి వచ్చుచున్నదని తేలెను. అంతేకాదు, ఆ గుర్తు రక్తములో దాదాపు నాలుగు నెలలు నిలిచి పిమ్మట తగ్గుటచేత, మనుష్యుని ఎఱ్ఱ రక్తకణపు ఆయుర్దాయము సుమారు 120 దినములని కూడ తెలిసెను. 1946లో ఈ ఫలితములు వెల్లడి యయ్యెను.

ఈ నిర్మాణము ఎనిమిది మెట్ల పని. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఎంజైము పనివాడుగా నున్నది. గ్లైసిన్‌తో మొదలైన పని నాలుగు పిరోల్‌ల వలయముగా మారి, చిట్టచివరి మెట్టున ఇనుమును కూర్చుండబెట్టుటతో ముగియును. నడుమ ఏ పనివాడు చేయి ముడుచుకొన్నను కష్టము తప్పదు. సీసము శరీరములో చేరినచో రెండవ మెట్టును, చివరి మెట్టును అడ్డగించును. పాత బ్యాటరీలను కరగించు చోట్ల మెలగువారిలోను, పెచ్చులూడిన పాత రంగులను నోట పెట్టుకొను పసిపిల్లలలోను రక్తము పాలిపోవుటకు ఇది యొక కారణము.

పుట్టుకతోనే ఒక పనివాడు బలహీనుడైనచో కలుగు వ్యాధులకు పోర్ఫిరియాలు అని పేరు. వీనిలో ఒక రకమున తీవ్రమైన కడుపునొప్పి వచ్చును. కొన్ని మందులు దానిని రెచ్చగొట్టును. పట్టియుంచిన మూత్రము వెలుతురు తగిలి ముదురురంగునకు తిరుగును. మఱికొన్ని రకములలో పేరుకొన్న పోర్ఫిరిన్ చర్మమున చేరి, ఎండ సోకినంతనే బొబ్బలు, మంటలు పుట్టించును. లోహము లేని పోర్ఫిరిన్ వెలుగును పీల్చి, ఆ శక్తిని ప్రాణవాయువునకు అంటించి దానిని విషమువలె చేయుటయే దీనికి మూలము. 1912లో మేయర్-బెట్జ్ అను జర్మను వైద్యుడు ఇది నిజమా యని 200 మిల్లీగ్రాముల పోర్ఫిరిన్‌ను తన రక్తములోనికే ఎక్కించుకొనెను. ఎండ తగిలిన మొగము గుర్తుపట్టరానంతగా వాచెను. ఎండకు తాళలేని ఆ స్థితి నెలల తరబడి పోలేదు. ఈ నాశనశక్తినే నేడు వైద్యులు సద్వినియోగము చేయుచున్నారు. రోగికి పోర్ఫిరిన్ జాతి మందునిచ్చి, పుట్టకుఱుపు ఉన్నచోట మాత్రమే వెలుగును ప్రసరింపజేసి దానిని కాల్చివేయు చికిత్స కొన్ని రకముల క్యాన్సరులకు వాడుకలో నున్నది.

ఇక మన ఇండ్లలోని ముఖ్యమైన సంగతి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోను పరిస్థితి ఇంచుమించు ఇంతే. దీనికి కారణములు పెక్కు గాని, ఇనుము చాలకపోవుట వానిలో ప్రధానము. ఇనుము చాలనప్పుడు వలయము సిద్ధమైయున్నను పీఠము ఖాళీగా నుండును. అప్పుడు కొన్నింటిలో జింకు అను తుత్తునాగము వచ్చి కూర్చుండును. జింకు ప్రాణవాయువును మోయలేదు. అధికారి రాని కచేరీలో వేఱొకడు కుర్చీ నెక్కినట్లు అగును. రక్తములో ఈ జింకు పోర్ఫిరిన్‌ను కొలిచి ఇనుము లోపమును, సీసపు విషమును అనుమానించు పరీక్ష కూడ కలదు.

ఇచ్చటనే బంధుత్వమును అపార్థము చేసికొనుట జరుగుచున్నది. ఆకుపచ్చయు రక్తమును ఒక కుటుంబమే గనుక, ఆకుపసరు త్రాగినచో అది నెత్తురుగా మారునని కొందఱు చెప్పుదురు. ఇది నిజము కాదు. మన శరీరములో మగ్నీషియమును తీసి ఇనుమును పెట్టి పత్రహరితమును హీమ్‌గా మార్చు పనివాడు లేడు. పత్రహరితములో ఇనుము లేదు. మాంసములోని హీమ్‌ను తిన్నను, శరీరము ఆ వలయమును పగులగొట్టి ఇనుమును మాత్రమే గైకొని, తన వలయమును గ్లైసిన్‌నుండి తానే కట్టుకొనును. ఆకుకూరలు తినవలదని దీని అర్థము కాదు. వానిలో ఫోలిక్ ఆమ్లము, ఇతర పోషకములు కలవు. ఇనుమును కొంత కలదు. అయితే ఆ ఇనుము సులభముగ వంటబట్టదు. నిమ్మరసము, ఉసిరికాయ వంటి పులుపులతో తిన్నచో ఎక్కువ వంటబట్టును. భోజనముతోపాటే కాఫీ, టీ త్రాగినచో తగ్గును. గోంగూర రంగును విఱిచిన పులుపు కూడ మనకు అపకారము చేయలేదు. గర్భిణీ స్త్రీలు మాత్రము ఆకుకూరలతోనే సరిపుచ్చుకొనక వైద్యులిచ్చు ఇనుము మాత్రలను మానకుండ పుచ్చుకొనవలెను.

పుట్టిన వలయమునకు గిట్టుటయు కలదు. 120 దినములు నిండిన రక్తకణము విచ్ఛిన్నమైనప్పుడు శరీరము ఇనుమును దాచుకొని వలయమును ఒకచోట తెంపును. తెగిన వలయము మొదట ఆకుపచ్చని బిలివర్డిన్‌గను, పిమ్మట పసుపుపచ్చని బిలిరూబిన్‌గను మారును. దెబ్బతగిలి కమిలినచోట నల్లన, పచ్చన, పసుపు వరుసగా వచ్చుట ఈ మార్పులకు కంటికి కనుపించు ఋజువు. బిలిరూబిన్‌ను కాలేయము పైత్యరసము గుండ బయటికి పంపును. ఆ పని కుంటుపడినప్పుడు కన్నులును చర్మమును పసుపెక్కును, అవే కామెర్లు.

అప్పుడే పుట్టిన శిశువుల కాలేయమునకు ఈ పని ఇంకను అలవడియుండదు. కనుక చాలమందికి కొలదిగా కామెర్లు వచ్చి తగ్గును. మితిమీఱినచో బిలిరూబిన్ మెదడునకు చేరి శాశ్వతమైన అపాయము చేయును. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్ మండలమున రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను నర్సు, నెలలు నిండని శిశువులను ఎండవేళ ఆరుబయట ఉంచుచుండెడిది. ఒకనాడు ఒక బిడ్డను వైద్యులకు చూపెను. ఒడలంతయు తెల్లబడినది, దుప్పటి మూల కప్పియున్న ముక్కోణపు చోటు మాత్రము పచ్చగనే యున్నది. మఱియొకప్పుడు కిటికీ వద్ద ఎండలో మఱచిన రక్తపు గొట్టములో బిలిరూబిన్ తగ్గియున్నది. ఈ రెండు సూచనలను క్రెమర్ అను వైద్యుడును ఆయన సహచరులును పట్టుకొని, 1958లో వెలుగు చికిత్సను లోకమునకు తెలిపిరి. నీలపు వెలుగు బిలిరూబిన్ ఆకారమును మార్చి, నీటిలో కరగి సులభముగ బయటికి పోవునట్లు చేయును. నేడు మన ఆసుపత్రులలో పసిబిడ్డలను నీలపు దీపముల క్రింద పరుండబెట్టుట ఆ నర్సు చూపిన చూపు ఫలమే.

అట్లని ఇంటి ముంగిట ఎండలో పెట్టి ఊరకుండుట తగదు. పుట్టిన 24 గంటలలోపల పసుపు కనుపించినను, అరచేతులకు అరికాళ్లకు పసుపు దిగినను, బిడ్డ పాలు త్రాగక మగతగా పడియున్నను, జాముసేపైనను జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఆకునకును ఇట్టి అంత్యదశ కలదు. ఆకు పండునపుడు మొక్క పత్రహరితమును తెంపివేయును. అప్పుడు అంతవఱకు పచ్చదనము మాటున దాగియున్న కెరోటిన్‌ల పసుపు బయటపడును. కనుక పండుటాకు పసుపు వేఱు, కమిలిన గాయపు పసుపు వేఱు. రంగు ఒకటైనంత మాత్రమున బంధుత్వము లేదు. పచ్చన, ఎఱ్ఱన వేఱైనంత మాత్రమున బంధుత్వము పోలేదు. పైరంగును చూచి మోసపోక లోపలి కట్టడమును చూడుమని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. రేపు గోంగూర మూకుడులో రంగు విఱిగినప్పుడు, అచ్చట పీఠము దిగుచున్న లోహమును, అదే క్షణమున మన ఎముకల మూలుగలో సెకనునకు 20 లక్షలకు పైగా పుట్టుచున్న రక్తకణములలో పీఠమెక్కుచున్న ఇనుమును ఒక్కసారి తలచుకొందము.